కాలిమిషను మీద బొంతకుట్టు

(మన సంఘం సంక్రాంతి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఏటేటా పండితులు, డాక్టర్లు, ప్లీడర్లు మాట్లాడుతూ వచ్చారు. నేను మెట్రిక్కుతో చదువు చాలించినవాణ్ణి. రైల్వేలో చిన్న పనిలో చేరి, తరువాత పరీక్ష రాసి, పార్సెలు ఆఫీసులో గుమాస్తానయ్యాను. మన షోలాపూరు చద్దర్లూ, తువాళ్ళూ నలుమూలలకు పోతూ నా కళ్ళముందే తూకానికి వస్తాయి. వాటిని గోనెపట్టాలో చుట్టి దబ్బనంతో కుట్టి తెస్తారు. మొన్నమొన్నటి వరకు కుట్టు గురించి నాకు తెలిసిందల్లా ఆ దబ్బనపు కుట్టే. అటువంటివాణ్ణి కుట్టుపని మీద మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కారణం చిన్నది. ఒకనాడు వారు చందా కోసం మా ఇంటికి వచ్చేసరికి నేను మిషను మీద కూర్చుని బొంత కుడుతున్నాను. "ఇదేమిటయ్యా, ఆడవాళ్ళ పని పెట్టుకొన్నావు?" అని నవ్వి, మరుక్షణమే "సభలో దీని మీదనే మాట్లాడు" అన్నారు. ఆ సందడిలో చందా మాట మరిచిపోయారు. అందుకు వారికి కృతజ్ఞుణ్ణి.

ఆడవాళ్ళ పని అన్నమాటకు మాత్రం ఒక జవాబు మనవి చేస్తాను. మనలో చాలామందిమి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నవారి మనుమలం. బట్ట నేయడం మగవాడి పని అయినప్పుడు ఆ బట్ట పాతబడ్డాక దానికి నాలుగు కుట్లు వేయడం నామోషీ ఎందుకవుతుంది?

బొంత అంటే మనలో తెలియనివారు లేరు. మరాఠీవారు గోధడి అంటారు. మనకు దక్షిణాన కన్నడంవారు కౌది అంటారు. బెంగాలీవారి కాంథా దేశమంతటా పేరు పొందింది. పేరు ఏదైనా పని ఒకటే. కట్టి కట్టి మెత్తబడిన చీరలను పొరలుగా పరిచి, పొర కదలకుండా కుట్టి, కప్పుకొనేందుకో, పరుచుకొనేందుకో, పసిపిల్లను పడుకోబెట్టేందుకో వాడుకొంటాము. పసివాళ్ళ ఒంటికి కొత్తబట్ట గరుకుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉతికిన నూలుచీరకు వచ్చే మెత్తదనం అంగడిలో డబ్బు పెట్టినా దొరకదు.

మా ఇంట్లో బొంతలు కుట్టింది మా నాయనమ్మ, ఆమె దగ్గర నేర్చుకొని మా అమ్మ. ఇద్దరూ బీడీలు చుట్టినవారే. పగలంతా చేటలో ఆకు, తంబాకు. మధ్యాహ్నం కాస్త తెరిపి దొరికితే బొంత. తొమ్మిది గజాల చీరను నాలుగు మడతలు వేస్తే రెండుంపావు గజాల పొడవున నాలుగు పొరలు వస్తాయి. ఒక మనిషికి ఒక బొంత. అమ్మ దానిని నేల మీద పరిచి, దాని మీదనే కూర్చుని, అంచునుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ వేలెడు వేలెడు ఎడంతో లోపలికి కుట్టుకొంటూ పోయేది. కొలబద్ద లేదు, గీత లేదు. అయినా వరుసలు మగ్గం మీద పడుగులాగా తిన్నగా వచ్చేవి.

నాయనమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో అయిదు చీరలు మిగిలినాయి. ఆ ఏడే అమ్మకు బొటనవేలి కీళ్ళు వాచి, సూది పట్టుకొంటే చేయి వణకడం మొదలైంది. ఎన్నో ఏళ్ళు రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన వేళ్ళు అవి. సూది ముట్టవద్దని డాక్టరు చెప్పాడు. కళ్ళు సరేసరి.

ఒక సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి వాకిట్లో పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె కూర్చుని ఉంది. అమ్మ అయిదు చీరలూ ముందు పెట్టుకొని ఒక పెద్ద బేసిను కోసం బేరమాడుతోంది. అన్నిటికంటె పైన ఎర్రంచు చీర ఉంది. అది నాయనమ్మ పెళ్ళిచీర. ఆమె తండ్రి స్వయంగా నేసి పెట్టినది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"కుట్టేటోళ్ళు లేని చీరలు పెట్టెల ఎందుకురా? గిన్నె అన్న వస్తది" అన్నది అమ్మ. ఆ మాట ఆమె కోపంగా అనలేదు. అందువల్లనే నాకు కష్టంగా తోచింది.

"నేను కుడతా" అన్నాను. సూదిలో దారం ఎక్కించడం కూడ రానివాడు అన్నమాట అది. నోరు జారిన మాటకు కట్టుబడి ఉండడానికి నాకు పది నెలలు పట్టింది. ఆ పది నెలల కథే ఈ ప్రసంగము.

మా ఇంట్లో అమ్మ పెళ్ళినాటి కాలిమిషను ఉంది. చాలా ఇండ్లలో మాదిరిగానే దాని మీద ఒక గుడ్డ కప్పి, గుడ్డ మీద టీవీ పెట్టి ఉంచాము. టీవీ దించి, నూనె పోసి, బెల్టు మార్పించాను. చేతితో కుట్టేది మిషనుతో కుడితే నాలుగు రోజుల పని అనుకొన్నాను. ఒక పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి ఫుట్ కింద పెట్టి తొక్కాను. రెండు బారలు కుట్టేసరికి పైపొర ముందుకు జరిగి ముడతలు పడింది, కిందిపొర వెనుకబడి బిగుసుకొంది.

కారణం తరువాత తెలిసింది. మిషను సూది కింద రంపపు పళ్ళవంటి చిన్న ఇనుపపళ్ళు ఉంటాయి. ఒక్కొక్క కుట్టుకు అవి పైకి లేచి బట్టను వెనక్కు లాగి మళ్ళీ దిగిపోతాయి. జాకెట్టుకు, లంగాకు అది మంచిదే. బొంత విషయంలో మాత్రం పళ్ళు కిందిపొరను లాగుతాయి, పైన ఫుట్ పైపొరను అదిమిపట్టి ఆపుతుంది. మధ్య పొరలు ఎటూ కాకుండా పోతాయి. పైగా పళ్ళు తిన్నగా తప్ప నడవవు. ఒక వంపు తిప్పాలంటే బొంత మొత్తాన్ని తిప్పాలి. మిషను చేతికింద ఉన్న సందు జానెడే గదా, అందులో రెండు గజాల బొంత ఎట్లా తిరుగుతుంది?

మా వీధిలో జాకెట్ల మీద మిషను పూలు కుట్టే అక్క ఒకామె ఉంది. ఆమెకు నా దుప్పటి చూపించాను. ఆమె నవ్వి, "తమ్మీ, ముందుగాల దాని పండ్లు పీకెయ్. అది గుంజినంతసేపు నీ చేతికి పని రాదు" అన్నది.

నా చదువంతా ఆ ఒక్కమాటలో ఉంది. కొన్ని మిషన్లకు పళ్ళను కిందికి దించే మర ఉంటుంది. మా మిషనుకు లేదు. సూది కింద రేకు విప్పి, రెండు స్క్రూలు తీసి పళ్ళను తీసేశాను. మామూలు ఫుట్ తీసి, స్ప్రింగు ఉన్న ఎంబ్రాయిడరీ ఫుట్ పెట్టాను. సూది పైకి లేచినప్పుడు అదికూడ లేస్తుంది, దిగినప్పుడు బట్టను పట్టుకొంటుంది. అంటే సూది పైన ఉన్న క్షణంలో బట్ట స్వేచ్ఛగా ఉంటుంది. ముందుకు, వెనక్కు, పక్కకు, గుండ్రంగా, ఎటు జరిపితే కుట్టు అటు పడుతుంది. విదేశాలలో దీనినే ఫ్రీ మోషన్ క్విల్టింగ్ అంటారు. ఫోనులో వెదికితే ఈ పని చూపే వీడియోలు ఎన్నో కనబడతాయి.

ఇది మొన్న పుట్టిన విద్యకాదు. సింగర్ కంపెనీవారు మామూలు ఇంటి మిషను మీదనే ఫుట్ తీసి కళాత్మకమైన ఎంబ్రాయిడరీ చేయడం ఎట్లాగో నేర్పుతూ 1911లోనే పుస్తకం అచ్చువేశారు. మా వీధి అక్క ఆ పుస్తకాన్ని చూడలేదు. అయినా ఆమె చేతిలో ఆ విద్యే ఉంది.

విద్య పాతదైనా నాకు మాత్రం మొదటి దినాలన్నీ అవమానాలే. నేర్చుకోదలచినవారికి పనికి వస్తాయని ఒక్కొక్కటే చెబుతాను.

మొదటిది దారపు ఉండ. పైన చూస్తే కుట్టు బాగానే ఉన్నట్టుంది, తిప్పి చూస్తే కింద పిచ్చుకగూడంత దారం. మిషనును తిట్టాను, దారాన్ని తిట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. తప్పు నాదే. ఫుట్‌ను దించే చిన్న పిడి వెనుక ఉంటుంది, దానిని దించడం మరిచాను. అది ఎత్తి ఉన్నంతసేపు దారాన్ని బిగబట్టే రెండు బిళ్ళలు తెరుచుకొని ఉంటాయి. పైదారానికి పట్టు ఉండదు, అదంతా కిందకు జారి పోగవుతుంది. ఎంబ్రాయిడరీ ఫుట్ బట్టను గట్టిగా అదమదు గనుక పిడి దించామో లేదో కంటికి తెలియదు. అందుచేత కుట్టడానికి ముందు చేత్తో తడిమి చూడడం అలవాటు చేసుకోవాలి.

రెండవది మొదలుపెట్టే తీరు. చక్రం ఒక్కసారి తిప్పి, సూదిని దించి లేపి, కిందిదారాన్ని పైకి తీసుకొని, రెండు దారాలూ వేలితో పట్టుకొని, అదే చోట మూడు నాలుగు చిన్న కుట్లు వేసి కదలాలి. కాలిమిషను అయితే చక్రం వెనక్కు తిరగకుండా చూసుకోవాలి. తిరిగిందా, దారం తెగుతుంది.

మూడవది, అన్నిటికంటె కష్టమైనది, కాలూ చేయీ కలవడం. పళ్ళు ఉన్నప్పుడు కుట్టు పొడవు మిషనుది. పళ్ళు తీశాక అది మనది. కాలు వడిగా తొక్కి చేయి నెమ్మదిగా జరిపితే కుట్లు చీమలబారులాగా ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. చేయి గుంజి కాలు ఆలస్యమైతే బారెడు కుట్లు పడతాయి, సూది వంగి విరుగుతుంది. వంపుల దగ్గర తొందరపడితే కిందిదారం తిన్నగా బిగుసుకొని వెనుకవైపు వికారంగా కనబడుతుంది. అంగుళానికి ఎనిమిది, పది కుట్లు సమంగా పడేవరకు నాకు మూడు నెలలు పట్టింది. సూదులు ఎన్ని విరిగాయో లెక్క పెట్టలేదు. చివరకు పదహారో నంబరు సూది పెట్టాక విరగడం తగ్గింది.

సాధన కోసం ఏమి కుట్టాలి? వీడియోలలో ఆకులు, గులకరాళ్ళు, ఈకలు కుట్టి చూపుతారు. నాకు అవి రాలేదు. ఒక రాత్రి విసుగుపుట్టి పాతదుప్పటి మీద అ, ఆ, ఇ, ఈ కుట్టాను. ఎంత సుఖంగా వచ్చాయో చెప్పలేను. మన అక్షరాలు గుండ్రనివి గదా, చేయి తిరగడానికి వాటిని మించిన పాఠం లేదు. తలకట్టు దగ్గర కలం ఎత్తవచ్చును గాని సూది ఎత్తకూడదు. వచ్చిన గీత మీదనే వెనక్కు పోయి అటు తిరగాలి. ఆ వెనక్కు పోవడమే ఈ కుట్టులో సగం నేర్పు. మా అమ్మాయి మరాఠీ బడిలో చదువుతోంది. పుస్తకం చూపితే పారిపోయేది. నాన్న దుప్పటి మీద కుట్టే అక్షరం ఏమిటో చెప్పడానికి మాత్రం మిషను పక్కనే నిలబడింది. వారం వారం దుప్పటి నిండుతూ పోయింది, దానితోపాటు ఆమెకు అక్షరాలూ వచ్చాయి. నేను అందుకోసం కుట్టలేదు. ఉన్నమాట చెబుతున్నాను.

అంతవరకు బాగానే ఉంది. ఇక చేసిన నష్టం చెప్పాలి.

చేయి కుదిరిందన్న ధీమాతో అయిదు చీరలలో ఒకటి తీశాను. ఊదారంగు చీర. నాయనమ్మ మార్కండేయస్వామి రథోత్సవానికి కట్టుకొనేది. అమ్మ ఎట్లా కుట్టేదో అట్లాగే అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చాను. నాలుగు రాత్రులు కుట్టాను. నడిమికి వచ్చేసరికి పొరలలో ఉన్న వదులంతా అక్కడికి తరుముకొని వచ్చి, ఒక పెద్ద బుడిపె లేచింది. అమ్మ వచ్చి చూసి, "ఏందిరా ఇది, బొంతనా, తాబేలా?" అన్నది.

కుట్టు విప్పబోయాను. చేతికుట్టు అయితే ఒక్క దారం లాగితే వస్తుంది. మిషనుకుట్టులో పైదారం, కిందిదారం ప్రతి కుట్టు దగ్గర ఒకదానినొకటి మెలివేసుకొని ఉంటాయి. పాతచీర ఆ మెలిక విడిపోకముందే చినిగింది. ఒకచోట కాదు, చాలా చోట్ల. అమ్మ ఏమీ అనలేదు. మరునాడు దానిని కత్తిరించి మసిగుడ్డలు చేసింది. ఇప్పటికీ టీ గిన్నె దించేటప్పుడు ఊదారంగు అంచు చేతికి తగులుతుంది.

అమ్మ చేతిలో సరిపోయిన పద్ధతి నా చేతిలో ఎందుకు చెడింది? ఆమె నేల మీద పరిచిన బట్టను కదిలించదు. తన బరువే దానికి మేకు. సూది బట్ట దగ్గరకు పోతుంది. నా మిషనులో సూది కదలదు, బట్టే సూది దగ్గరకు రావాలి. వచ్చినప్పుడల్లా పొరలు కాస్త జరుగుతాయి. ఆ జరిగిన వదులుకు బయటికి పోయే దారి ఉండాలి. అందుచేత మిషను మీద నడిమినుంచి మొదలుపెట్టి అంచులకు పోవాలి. అంతకు ముందు నేల మీద పరిచి, చేత్తో దువ్వి, బెత్తెడు బెత్తెడుకు ఒక పిన్నీసు పెట్టాలి. కుట్టని భాగాన్ని చాపలాగా చుట్టి మిషను సందులో పెట్టుకోవాలి. బొంత బరువు బల్ల మీదనే ఉండాలి, కిందికి వేలాడితే సూదిని లాగుతుంది. ఈ నాలుగు మాటలకు నేను చెల్లించిన వెల ఒక చీర. మీకు ఉచితంగా ఇస్తున్నాను.

అమ్మకు మరొక అనుమానం ఉండేది. "మిషనుతోని కుట్టింది బొంత ఎట్లయితది? దానిల చెయ్యేది?" అని. ఇది మా అమ్మ ఒక్కతె అడిగిన ప్రశ్న కాదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో పడూకా అనే ఊరు ఉంది. అక్కడ ఏటా పెద్ద బొంతల ప్రదర్శన జరుగుతుంది. 1989లో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ అనే ఆమె సూర్యగ్రహణం దృశ్యాన్ని రంగురంగుల గుడ్డలతో చేసి, మిషను మీద కుట్టి తెచ్చింది. ఆ ప్రదర్శనలో సర్వోత్తమ బహుమతి మిషనుకుట్టు బొంతకు రావడం అదే మొదటిసారి. చేతికుట్టువారిలో చాలామంది దానికి ఒప్పుకోలేదు, పెద్ద వాదం నడిచింది. ఈ సంగతి చెబితే అమ్మ, "అయితే అక్కడ గూడ నా అసొంటోళ్ళు ఉన్నరన్నమాట" అని సంతోషించింది. వాదంలో మాత్రం దిగిరాలేదు.

దిగివచ్చింది ముగ్గు దగ్గర. మా చెల్లెలికి చైత్రమాసంలో పురుడు. పుట్టబోయే బిడ్డకు నాయనమ్మ పెళ్ళిచీరతో చిన్న బొంత కుట్టాలని అనుకొన్నాము. గజం పొడవు, గజం వెడల్పు. ఊదాచీర సంగతి తెలుసు గనుక కత్తెర పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. కత్తిరించింది అమ్మ. పొరలు పరిచి, పిన్నీసులు పెట్టి, మీద ఏమి కుట్టాలా అని కూర్చున్నాను. అమ్మ టైలరు సబ్బుబిళ్ళ తీసుకొని చుక్కలు పెట్టింది. సూది పట్టలేని వేళ్ళు సబ్బుబిళ్ళను పట్టగలిగాయి. చుక్కల చుట్టూ మెలికల ముగ్గు వేసింది. ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడికే వచ్చి కలిసింది. గీత ఒక్కటే, మధ్యలో తెగింది లేదు.

చూస్తూనే నాకు అర్థమైంది. సూది ఎత్తకుండా కుట్టే ఈ కుట్టుకు కావలసింది సరిగ్గా అటువంటి గీతే. దేశదేశాలవారు కాగితం మీద పెన్సిలు ఎత్తకుండా గీసి నేర్చుకొనే దానిని మన ఇంటి ఆడవాళ్ళు తెల్లవారుజామున వాకిట్లో పిండితో రోజూ వేస్తున్నారు. నేను ఆ గీత వెంట నడిమినుంచి నడిచాను. ఆమె పక్కన కూర్చుని, వంపు దగ్గర "మెల్లగ, మెల్లగ" అంటూ వచ్చింది. కాలు నాది, గీత ఆమెది. అయ్యాక తిప్పి చూపించాను. వెనుకవైపు కూడ అదే ముగ్గు.

అమ్మ వేలితో ఒక వంపు వెంట చివరిదాకా పోయి, "చెయ్యి ఉన్నదిరా దీనిల" అన్నది.

పసివాళ్ళ బొంత గనుక ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. పెట్టిన పిన్నీసులు లెక్కపెట్టి రాసుకోవాలి, తీసినవి లెక్కపెట్టి సరిచూసుకోవాలి. మా ఆఫీసులో మూటలు ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు లెక్క ఎట్లా సరిచూస్తామో అట్లాగే. నలభయ్యెనిమిది పెట్టాను, నలభయ్యెనిమిది తీశాను. అంచు మడిచి కుట్టడంలో చివరి నాలుగంగుళాలు మాత్రం అమ్మ నన్ను ముట్టనివ్వలేదు. తానే చేత్తో కుడతానన్నది. రోజుకు అయిదారు కుట్లు పడుతున్నాయి. పురుటి నాటికి అవుతుందంటోంది.

రాబోయే ఉగాదికి పరాభవ నామ సంవత్సరం. పేరు విని జంకేవారు ఉన్నారు. ఇంతకు ముందటి పరాభవ 1966లో వచ్చింది. మా నాయనమ్మ ఆ ఎర్రంచు చీర కట్టుకొని పీటల మీద కూర్చున్నది ఆ ఏడే. అరవై ఏళ్ళకు మళ్ళీ ఆ పేరు వస్తోంది. అదే చీర మీద ఆమె మునిమనుమడో, మునిమనుమరాలో పడుకోబోతోంది. పేరులో ఏముంది? కుట్టు నేర్చుకొంటూ నేను పడవలసిన పరాభవమంతా ముందే పడ్డాను.

ఇంకా మూడు చీరలు పెట్టెలో ఉన్నాయి. మీ ఇండ్లలోనూ ఉండే ఉంటాయి. గిన్నెలామె వాకిట్లోకి వచ్చినప్పుడు ఒక్కక్షణం ఆగండి. కుట్టేవాళ్ళు లేరని ఇచ్చివేయకండి. టీవీ దించి, మిషను మీది గుడ్డ తీయండి. చేతులు వణికే తల్లి ఇంట్లో ఉంటే ఆమె చేతికి ఒక సబ్బుబిళ్ళ ఇవ్వండి.

 కార్యదర్శిగారూ, మొన్నటి చందా తెచ్చాను.